పరిశోధన గ్రంథముల భద్రత

ఒక విషయమును కనుగొనుట ఎంత ముఖ్యమో, దానిని పదిమందికి అందునట్లు పదిలపరచుటయు అంత ముఖ్యము. పదిలపరచని పాండిత్యము లోకము దృష్టిలో లేనట్లే.

ఈ సంగతిని తెలంగాణము 1934లోనే నిరూపించెను. ఈ ప్రాంతమున కవులే లేరన్న మాట వినవచ్చినప్పుడు సురవరం ప్రతాపరెడ్డి వాదముతో సరిపెట్టుకొనలేదు. ఊరూరి కవుల పద్యములను, వివరములను సేకరించి, 354 మంది రచనలతో ‘గోలకొండ కవుల సంచిక’ను ప్రకటించెను. రచనను పంపుట, వివరములు నమోదు చేయుట, ఒకచోట చేర్చి అందరికి అందించుట—ఈ మూడు పనులే నేటి డిజిటల్ భాండాగారమునకును ఆధారము.

విశ్వవిద్యాలయమునకు సమర్పించిన పరిశోధన గ్రంథము చాలకాలము కొద్ది ప్రతులుగా బీరువాలో ఉండిపోయెడిది. నకిరేకల్ ఉపాధ్యాయుడు ఉస్మానియాలోని ఒక గ్రంథమును చూడగోరినచో, నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణము చేసి హైదరాబాదు చేరవలసియుండెను. 2009లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము పిహెచ్.డి. గ్రంథముల ఎలక్ట్రానిక్ ప్రతిని గూడ సమర్పించవలెనని నియమము చేసెను. వాటిని నిలువచేయు భాండాగారమే ‘శోధగంగ’. గాంధీనగరులోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రము దీనిని నడుపుచున్నది.

ఇట్టి భాండాగారములకు పలుచోట్ల వాడు సాఫ్ట్‌వేరు ‘డీస్పేస్’. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థయు, హ్యూలెట్ పాకార్డ్ కంపెనీయు కలిసి దీనిని 2002లో వెలువరించెను. ఇది ప్రతి గ్రంథమునకు కర్త పేరు, శీర్షిక, సంవత్సరము, విషయము చేర్చి, ఒక శాశ్వత చిరునామా నిచ్చును. ఫైలులోని సమాచారమంతటినుండి ఒక సరిచూపు సంఖ్యను గణించి దాచును. కొంతకాలమునకు మరల గణించినప్పుడు ఆ సంఖ్య మారినచో, ఫైలు చెడినదని తెలియును. ఒక్క అక్షరము మారినను సంఖ్య మారిపోవును.

తెలుగునకు మరియొక చిక్కు కలదు. పాత ఫాంట్లలో కూర్చిన గ్రంథము కంటికి తెలుగుగా కనిపించినను, యంత్రమునకు అర్థములేని గుర్తులే. 1991 నుండి యూనికోడ్‌లో తెలుగు అక్షరములకు స్థానము కలదు. ఆ పద్ధతిలో కూర్చినప్పుడే పదమును వెదకి పట్టుకొనగలము.

ఒకేచోట దాచుటయు చాలదు. రాజ్ రెడ్డి ప్రోత్సాహముతో సాగిన భారతీయ డిజిటల్ గ్రంథాలయములో ఉస్మానియా గ్రంథాలయపు పాత తెలుగు పుస్తకములెన్నో చేరెను. 2017 ప్రాంతమున ఆ వెబ్‌సైటు నిలిచిపోయెను. అయినను లక్షల పుస్తకముల ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవులో ఉండుటచే నేటికిని చదువరులకు అందుచున్నవి.

కావున ఊరి చరిత్రను గాని, చెరువు నీటి పరీక్షను గాని వ్రాసిన విద్యార్థి దానికి పేరు, తేది, స్థలము చేర్చి, యూనికోడ్‌లో కూర్చి, కనీసము రెండుచోట్ల దాచవలెను. రేపటి పరిశోధకునకు అదియే సాక్ష్యము.