తల్లి పట్టిన పట్టు

పిల్లవాడికి పోలియో అనగానే ప్రాణం దక్కితే చాలుననుకుంటాం. కాలిఫోర్నియాలో జోనా రాబర్ట్స్ అనే ఇల్లాలు అంతటితో ఊరుకోలేదు. 1953లో ఆమె కొడుకు ఎడ్‌కి పద్నాలుగో ఏట పోలియో వచ్చి, మెడ కింద దాదాపు అంతా చచ్చుబడిపోయింది. ఊపిరి తియ్యడానికి కూడా పెద్ద ఇనుప గొట్టంలో పడుకోవాలి, తల ఒక్కటే బయట. టెలిఫోనులో పాఠాలు విని చదువుకునేవాడు. నలుగురూ వింతగా చూస్తారేమోనని బడికి వెళ్ళడానికి బెదురు. తల్లే పట్టుబట్టి వారానికోసారి పంపింది.

తీరా చదువు పూర్తయ్యాక వ్యాయామమూ, కారు నడపడమూ నేర్వలేదు గనక సర్టిఫికెట్ కుదరదన్నారు! కదల్లేనివాడికి కారు పాఠమేమిటండీ? జోనా బడి పెద్దలతో పోట్లాడి మరీ సాధించింది.

1962లో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో చేరాడు. ఆ యంత్రం పట్టే గది హాస్టల్లో లేక, అక్కడి ఆస్పత్రిలోనే కాపురం. తర్వాత అలాంటివాళ్ళే మరికొందరు వచ్చి చేరారు. 1972లో వికలాంగుల స్వతంత్ర జీవనానికి అక్కడ కేంద్రం వెలిసింది. సాయానికి మనిషిని కుదుర్చుకోవడం, చక్రాల కుర్చీ బాగు చేయించుకోవడం, అద్దె ఇల్లు వెతుక్కోవడం, ఇవే అక్కడి పనులు.

ఉద్యోగానికి పనికిరాడని ఒకప్పుడు తేల్చేసిన రాష్ట్ర పునరావాస శాఖకే 1975లో ఎడ్ డైరెక్టరుగా వెళ్ళి కూర్చున్నాడు, చక్రాల కుర్చీలోనే.