ఇద్దరు అక్కచెల్లెళ్లు, రెండు తేదీలు

మా అమ్మ పుట్టిల్లు పగిడ్యాల. అమ్మ పెళ్లి 1983లో, చిన్నమ్మ పెళ్లి 1987లో జరిగాయి. ఆ నాలుగేళ్ల తేడాకు చట్టంలో ఎంత విలువుందో మాకు చాలాకాలం తెలియదు.

1956 నాటి హిందూ వారసత్వ చట్టంలో, వీలునామా లేకుండా తండ్రి పోతే ఆయన స్వార్జితంలో కూతురికీ సమాన వాటా ఉంది. పిత్రార్జితంలో పుట్టుకతో హక్కు మాత్రం కొడుకులకే. ఎన్టీఆర్ ప్రభుత్వం తెచ్చిన సవరణతో 1985 సెప్టెంబరు 5 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కూతుళ్లకూ ఆ హక్కు వచ్చింది. కానీ అప్పటికే పెళ్లయినవాళ్లకు వర్తించదన్నారు. చిన్నమ్మ లోపల, అమ్మ బయట!

2005 సెప్టెంబరు 9న అమల్లోకి వచ్చిన కేంద్ర సవరణలో ఆ పెళ్లి షరతు లేదు. మా తాత 2001లోనే పోయాడు. ఆ రోజుకు తండ్రి బతికి ఉండనక్కర్లేదని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

ఆ తర్వాత ఒకరోజు, పొలం తన పేరున మార్చుకోవడానికి మామ సంతకాలడిగాడు. మేము కలిసిన మొదటి లాయరు కాగితం చూడకుండానే "గెలిపిస్తా" అన్నాడు. రెండో ఆవిడ మాత్రం, "పొలం తాత కొన్నదా, ఆయనకు పెద్దల నుంచి వచ్చిందా? 2004 డిసెంబరు 20కి ముందు రిజిస్టరైన పంపకం గానీ, కోర్టు డిక్రీ గానీ ఉందా? ఈసీ తెండి" అంది. ఆమెనే పెట్టుకున్నాం.

పొలం పెద్దలదే. పంపకమేదీ జరగలేదు. కోర్టుకెక్కకుండా ముగ్గురూ కూర్చుని పంచుకున్నారు. అమ్మ తన వాటాలో అరెకరం తమ్ముడికే ఇచ్చింది.

తెలిసి ఇవ్వడం వేరు, తెలియక పోగొట్టుకోవడం వేరు. సంతకం పెట్టేముందు అడగండి.