సమాంతరం: ఉన్న గీత నుంచి దూరాన్ని కొలిచిన చరిత్ర

ప్రస్తావన

'సమాంతర రేఖలు' అన్న మాట తెలుగు మాధ్యమంలో చదివినవారందరికీ పరిచితం. ఎంత పొడిగించినా కలుసుకోని సరళరేఖలు సమాంతరాలని పాఠ్యపుస్తకం నిర్వచిస్తుంది. అయితే ఆ మాట మాత్రం కలుసుకోకపోవడాన్ని గురించి ఏమీ చెప్పదు. సమం, అంతరం అనే రెండు పదాల కలయికలో ఉన్నది సమానమైన ఎడం. నిర్వచనం ఒకటి చెబుతుంటే పదం మరొకటి చెబుతోంది. ఈ వ్యత్యాసం వెనుక సుదీర్ఘమైన గణిత చరిత్ర ఉంది. నేడు కంప్యూటర్ తెరపై ఉన్న గీత నుంచి నిర్ణీత దూరంలో మరో గీతను పుట్టించే 'ఆఫ్‌సెట్' ఆదేశం ఆ చరిత్రలో ఇటీవలి ఘట్టం. ఆ క్రమాన్ని పరిశీలించి, సమదూరానికీ సమరూపానికీ గల భేదాన్ని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశ్యం.

రెండు నిర్వచనాలు

యూక్లిడ్ తన 'ఎలిమెంట్స్' మొదటి సంపుటిలోని 23వ నిర్వచనంలో ఒకే తలంలో ఉండి, ఇరువైపులా ఎంత పొడిగించినా కలవని రేఖలను సమాంతరాలన్నాడు. అదే సంపుటి 31వ ప్రతిపాదనలో ఇచ్చిన బిందువు గుండా సమాంతర రేఖను గీసే పద్ధతి చెప్పాడు. అందులో ఏకాంతర కోణాల సమానత్వమే సాధనం. దూరాన్ని కొలిచే పని లేదు. పొసిడోనియస్ మాత్రం రెండు రేఖల మధ్య లంబాలన్నీ సమానమైతే అవి సమాంతరాలని నిర్వచించినట్లు వ్యాఖ్యాత ప్రొక్లస్ నమోదు చేశాడు. తెలుగు పాఠ్యపుస్తకం యూక్లిడ్ నిర్వచనాన్ని స్వీకరించింది. తెలుగు పదం పొసిడోనియస్ పక్షాన నిలిచింది.

ఈ భేదం మాటలకే పరిమితం కాదు. సరళరేఖల విషయంలో రెండు నిర్వచనాలూ ఒకే చోటికి చేరుస్తాయి. వక్రరేఖల విషయానికి వస్తే కలుసుకోకపోవడం ఒక్కటే చాలదు. ఒకదానిలో ఒకటి ఇమిడిన రెండు వక్రాలు ఎన్నడూ కలవకపోయినా వాటి మధ్య ఎడం చోటుచోటుకూ మారవచ్చు. అక్కడ పనికివచ్చేది సమమైన అంతరమే.

శుల్బ సూత్రాలు: రూపం నిలిపే వృద్ధి

భారతదేశంలో గీతల శాస్త్రం తాడుతో మొదలైంది. శుల్బమంటే తాడు. కాత్యాయన శుల్బ సూత్రం శంకుస్థాపనతో ఆరంభమవుతుంది. చదునైన నేలపై శంకువు నాటి, దాని పొడవుకు సమమైన తాడుతో చుట్టూ వృత్తం గీసి, నీడ కొన ఆ వృత్తాన్ని తాకిన రెండు చోట్ల మేకులు పాతితే ఏర్పడే తూర్పు పడమర రేఖ 'ప్రాచి'. వేదికలోని కొలతలన్నీ ఈ మొదటి గీత ఆధారంగా సాగుతాయి. బౌధాయనుడు అంగుళాన్ని పక్కపక్కన పేర్చిన 34 నువ్వుల వెడల్పుగా చెప్పడాన్ని బట్టి, దూరం కచ్చితంగా ఉండాలన్న పట్టుదల ఎంతటిదో తెలుస్తుంది.

అగ్నిచితిని మళ్లీ మళ్లీ నిర్మించినప్పుడు దాని వైశాల్యం పెరగాలి. మొదటిది ఏడున్నర చదరపు పురుషలు. ఆపై ప్రతిసారీ ఒక చదరపు పురుష చొప్పున నూట ఒకటిన్నర వరకు పెంచవచ్చు. శ్యేనచితి ఎంత పెరిగినా శ్యేనంగానే ఉండాలి. కాబట్టి శుల్బకారులు అంచు గీతలను ఒకే దూరం బయటికి జరపలేదు. కొత్తగా చేరే చదరపు పురుషను 15 భాగాలు చేసి, ఒక్కొక్క ప్రమాణానికి రెండేసి భాగాలు కలిపి, కొలమానాన్నే పెంచారు. ఇది రూపాన్ని నిలిపే వృద్ధి. క్యాడ్ పరిభాషలో దీని పేరు 'స్కేల్', 'ఆఫ్‌సెట్' వేరు.

మహావీరాచార్యుని చక్రవాళం: దూరం నిలిపే వృద్ధి

దూరాన్ని నిలిపే వృద్ధికి స్పష్టమైన రూపం తొమ్మిదో శతాబ్దపు మహావీరాచార్యుని 'గణితసార సంగ్రహం'లో లభిస్తుంది. పావులూరి మల్లన ద్వారా తెలుగులోకి వచ్చిన గణిత సంప్రదాయానికి మూలం ఈ గ్రంథమే. ఇందులో క్షేత్రాలను వర్గీకరిస్తూ మహావీరుడు బహిశ్చక్రవాళ వృత్తం, అంతశ్చక్రవాళ వృత్తం అని రెండు వలయాలను విడివిడిగా పేర్కొన్నాడు. ఉన్న వృత్తానికి వెలుపల ఏర్పడే వలయం మొదటిది, లోపల ఏర్పడేది రెండవది. వ్యాసానికి వలయపు వెడల్పును కలిపి, ఆ మొత్తాన్ని మూడుతోనూ వెడల్పుతోనూ గుణిస్తే బయటి వలయ వైశాల్యం వస్తుంది. లోపలి వలయానికి వెడల్పును కలపడానికి బదులు తీసివేయాలి.

వ్యాసం 10, వెడల్పు 2 అనుకుంటే బయటి వలయం 72, లోపలి వలయం 48. గీత ఒకటే, దూరం ఒకటే. వైపు మారినంతనే ఫలితం మారింది. మూడు అన్నది స్థూలమైన విలువే అయినా సూత్రం నిర్మాణంలో లోపం లేదు. వెడల్పు వ్యాసార్ధానికి సమానమైతే లోపలి వలయం వృత్తమంతటినీ ఆక్రమిస్తుందని కూడా ఈ సూత్రమే చూపుతుంది. అంతకు మించి లోపలికి జరపడానికి చోటు లేదు.

తెరపై గీత

చేతితో పటాలు గీసిన కాలంలో ఈ పనిని టీ-స్క్వేర్, సెట్ స్క్వేర్, విభాగిని చేశాయి. ఒక గీత నుంచి రెండో గీతను, రెండో దాని నుంచి మూడో గీతను కొలిచినప్పుడు చేతి పొరపాటు ఒకదాని మీద ఒకటి పేరుకుంటుంది. అందుకే కొలతలన్నిటినీ ఒకే ఆధార రేఖ నుంచి తీసుకోవడం మంచి పద్ధతి అయింది. ప్రాచిని ఆశ్రయించిన శుల్బకారుల వివేకం ఇక్కడ మళ్లీ కనిపిస్తుంది.

1963లో ఐవాన్ సదర్లాండ్ ఎం.ఐ.టి.కి సమర్పించిన 'స్కెచ్‌ప్యాడ్' సిద్ధాంత గ్రంథంతో రేఖల మధ్య సంబంధాన్ని నిబంధనగా యంత్రానికి అప్పగించడం సాధ్యమైంది. 1982లో ఆటోక్యాడ్ వెలువడ్డాక, క్రమంగా ఇటువంటి సౌకర్యం సాధారణ కంప్యూటర్లకు చేరింది. ఆఫ్‌సెట్ ఆదేశం అడిగేవి మూడు: ఎంత దూరం, ఏ గీత, ఏ వైపు. మూడో ప్రశ్న మహావీరుని బహిః, అంతః విభజనే. వృత్తాన్ని దాని వ్యాసార్ధానికి మించి లోపలికి జరపమంటే యంత్రమూ ఆ పని చేయలేదు.

దీర్ఘవృత్తం దగ్గర సమస్య మరింత లోతుగా బయటపడుతుంది. దాని నుంచి సమదూరంలో గీసిన వక్రం మరో దీర్ఘవృత్తం కాదు. ఆటోక్యాడ్ ఆ సమదూర వక్రాన్ని దీర్ఘవృత్తంగా కాక స్ప్లైన్‌గా గీస్తుంది. సమదూర వక్రాన్ని ఉజ్జాయింపు లేకుండా రాయగల వక్రాల తరగతిని 1990లో ఫరూకీ, సక్కాలిస్ ప్రతిపాదించారు. వక్రం ప్రతి బిందువు దగ్గరా దిశను తెలిపే రెండు బహుపదుల వర్గాల మొత్తం మరో బహుపది వర్గం కావాలన్నది ఆ తరగతికి నియమం. దీర్ఘచతురస్రపు కర్ణం గురించి బౌధాయనుడు చెప్పిన సంబంధమే ఇక్కడ బహుపదుల రూపం ధరించింది.

ముగింపు

ఒక గీతను పెంచడానికి రెండు మార్గాలున్నాయి. రూపాన్ని నిలిపితే దూరం చోటుచోటుకూ మారుతుంది. దూరాన్ని నిలిపితే రూపం మారవచ్చు. వృత్తం వంటి కొన్ని ఆకృతులలో మాత్రమే రెండూ కలిసి నిలుస్తాయి. శుల్బకారులు మొదటి మార్గాన్ని అనుసరించారు. మహావీరుని వలయ గణితం రెండవదానిని కొలిచింది. ఆఫ్‌సెట్‌ను 'నకలు' అని అనువదిస్తే ఈ భేదం చెరిగిపోతుంది. దానికి తగిన తెలుగు మాట కోసం ఎక్కడికో వెళ్లనక్కర లేదు. పాఠ్యపుస్తకం సరళరేఖలకే కట్టిపడేసిన 'సమాంతరం' వక్రరేఖలకు కూడా వర్తించే అర్థాన్ని తనలోనే దాచుకుని ఉంది. నిర్వచనం పక్కన పద వ్యుత్పత్తిని కూడా బోధిస్తే ఆ అర్థం విద్యార్థికి అందుతుంది.