బల్బు ఎలగదు, మోటారు కాలిపోతాది

నరసన్నపేటలో మోటార్ల వైండింగు కొట్టు నడిపేవాడిని కాబట్టి ఒక ప్రశ్న నాకు ఏటా వినబడుతూనే ఉంటుంది. కాలిపోయిన మోటారు ఆటోలోంచి దించుతూ రైతు అడుగుతాడు: “ఏటి మేస్త్రీ, ఓల్టేజీ నేక బల్బే సరిగ్గా ఎలగడం నేదు గదా, మరి మోటారెలా కాలిపోనాది?”

ఇంతకంటే మంచి ప్రశ్న ఇంజనీరింగు పుస్తకంలో కూడా ఉండదు. దీనికి జవాబు మన ప్రాంతానికి కరెంటు వచ్చిన దారిలోనే ఉంది.

ఆ దారి మాచ్‌ఖండ్‌లో మొదలైంది. మనం దిగువన సీలేరు అని పిలిచే నదే ఎగువన మాచ్‌ఖండ్. జోలాపుట్ దగ్గర ఆనకట్ట కట్టి, డుడుమ జలపాతం ఉన్న చోట ఆ నీటితో కరెంటు తీయాలని 1946లో మద్రాసు, ఒరిస్సా ప్రభుత్వాలు ఒప్పందం చేసుకున్నాయి. 1955లో ఉత్పత్తి మొదలైంది. మొదట పెట్టిన యూనిట్లు ఒక్కొక్కటి 17 మెగావాట్లవి, ఇప్పుడు మొత్తం 120 మెగావాట్లు. అప్పటికి శ్రీకాకుళం జిల్లా ఏర్పడి అయిదేళ్లే అయింది.

ఒక్క యూనిట్ కరెంటును కొండ దించాలంటే ఎన్ని ఆంపియర్లు? పవర్ అంటే వోల్టేజీని కరెంటుతో గుణించడమే, మూడు ఫేజులకైతే దాన్ని 1.732తో మళ్లీ గుణించాలి. 17 మెగావాట్లను మన మోటారు నడిచే 415 వోల్టుల మీదే పంపితే 23 వేల ఆంపియర్లు దాటుతుంది, అంత కరెంటు మోసే తీగ లేదు. అదే 132 కిలోవోల్టులకు పెంచితే సుమారు 74 ఆంపియర్లు చాలు. వేలు లావు లేని తీగ మీద ఒక కొండ నది బలం మైదానానికి దిగివచ్చింది. ఈ లెక్క వేసిన ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరిస్తుంది.

చిక్కంతా చివరి కిలోమీటరులో వచ్చింది. 1969లో రూరల్ ఎలక్ట్రిఫికేషన్ కార్పొరేషన్ ఏర్పడ్డాక పల్లెలకు లైన్లు వేగంగా పాకాయి. ఒక పెద్ద ట్రాన్స్‌ఫార్మరు పెట్టి, దానినుంచి పొలాల మీదుగా పొడుగ్గా తక్కువ వోల్టేజీ (ఎల్టీ) లైను లాగేవారు. లైను తీగలకు జంతువుల పేర్లుంటాయి: స్క్విరల్, వీజిల్, రాబిట్. వీటిలో సన్నది స్క్విరల్, అంటే ఉడుత. కిలోమీటరుకు దాని రెసిస్టెన్స్ సుమారు 1.4 ఓములు. అయిదు హార్స్‌పవర్ మోటారు ఒక్కోటి ఏడున్నర ఆంపియర్లు లాగుతుంది కాబట్టి, కిలోమీటరు లైను చివర నాలుగు మోటార్లుంటే 30 ఆంపియర్లు. ముప్పైని 1.4తో గుణిస్తే 42. ఫేజుకు 240 ఉండాల్సిన చోట 198 వోల్టులే మిగిలాయి. 1956 నాటి ఎలక్ట్రిసిటీ రూల్సు ప్రకారం తేడా నూటికి ఆరు దాటకూడదు, అంటే 225కు తగ్గకూడదు. ఇక మూడు తీగల్లో వేడిగా పోయే పవర్ కట్టండి: 30ని 30తో, 1.4తో, మూడుతో గుణిస్తే దాదాపు 3,780 వాట్లు. అయిదు హార్స్‌పవర్ అంటే 3,730. నాలుగు మోటార్లు నీరు తోడడానికి అయిదో మోటారంత బలం దారిలోనే కాలిపోయింది!

బల్బు సంగతి తేలిక. 240 వోల్టుల దగ్గర 60 వాట్ల బల్బు పావు ఆంపియరు తీసుకుంటుంది. 240ని 0.25తో భాగిస్తే రెసిస్టెన్స్ 960 ఓములు. ఆరిన బల్బుకు మీటరు పెడితే మాత్రం 70 ఓములు చూపిస్తుంది. దాన్ని నమ్మి లెక్క కట్టిన కుర్రాడు ఇది 800 వాట్ల బల్బని వాదిస్తాడు. తీగ వేడెక్కితే రెసిస్టెన్స్ పెరుగుతుంది. అందుకే నా దగ్గర పని నేర్చుకునేవాళ్లకు మొదట చెప్పేది: పని చేస్తున్నప్పుడు వోల్టేజీ, కరెంటు రెండూ చూసి భాగించు. 200 వోల్టులకు పడితే బల్బు తక్కువ కరెంటు తీసుకుని, సగం వెలుతురుతో సరిపెట్టుకుంటుంది.

మోటారు అలా సరిపెట్టుకోదు. బావిలో నీటి బరువు తగ్గలేదు కదా. అదే పని చేయడానికి వోల్టేజీ పడినకొద్దీ కరెంటు ఎక్కువ లాగుతుంది. ఫేజుకు 198 అంటే, 1.732తో గుణిస్తే, ఫేజుల మధ్య దాదాపు 340. లైను అలా 415 నుంచి 340కి దిగితే ఏడున్నర ఆంపియర్లు తొమ్మిది దాటుతాయి. వైండింగులో వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుందని 1841లో ఇంగ్లండులో జూల్ నిరూపించాడు. అంటే వేడి ఒకటిన్నర రెట్లు. మోటారు విప్పగానే చెప్పేయవచ్చు: ఒక ఫేజు పోయి కాలితే కొన్ని కాయిల్సే నల్లబడతాయి, లోవోల్టేజీతో కాలితే మూడు ఫేజులూ ఒకేలా మాడి ఉంటాయి.

వోల్టేజీని కరెంటుతో భాగించే ఈ లెక్కను మనకిచ్చిన ఓం గారిని తలుచుకుంటే మావాడే అనిపిస్తుంది. 1825లో ఆయన మొదటి ప్రయోగాలు తప్పుదారి పట్టాయి, బ్యాటరీ వోల్టేజీ నిలకడగా ఉండకపోవడం వల్ల. తర్వాత బిస్మత్, రాగి అతికి, ఒక అతుకు మరిగే నీటిలో, ఇంకోటి మంచులో పెట్టి నిలకడైన వోల్టేజీ సాధించాడు. 1827లో పుస్తకం వేస్తే సొంత దేశంలో చాలామంది తోసిపుచ్చారు. లండన్ రాయల్ సొసైటీ కోప్లీ పతకం ఇచ్చేసరికి 1841 అయింది.

1980లలో ఎన్టీఆర్ హయాంలో పంపుసెట్లకు మీటరు బదులు హార్స్‌పవర్‌కు ఏడాదికి 50 రూపాయల లెక్కన బిల్లు వచ్చింది. రైతుకు మేలే. అయితే పవర్ ఎంతో చెప్పేది ఇక మోటారు మీది ప్లేటే. మూడు హార్స్‌పవర్ అని ప్లేటు ఉన్న మోటారుకు కరెంటు కొలిచే టాంగ్ టెస్టర్ పట్టిస్తే ఏడున్నర ఆంపియర్లు చూపించేది. 2004 మే నుంచి ఉచిత విద్యుత్తు వచ్చింది. ఆ దశకంలోనే హెచ్‌వీడీఎస్ పద్ధతిలో 11 కేవీ లైనును పొలందాకా తెచ్చి, కొద్ది మోటార్లకో చిన్న ట్రాన్స్‌ఫార్మరు బిగించడం మొదలైంది. మాచ్‌ఖండ్ ఇంజనీర్లు కొండల మధ్య చేసిందే ఇది, చేను గట్టున.

2014లో 10 రూపాయలకే ఎల్‌ఈడీ బల్బులు ఇవ్వడం రాష్ట్రంలో మొదలైనప్పుడు తొలి జిల్లాల్లో మన శ్రీకాకుళం కూడా ఉంది. మంచి ఎల్‌ఈడీ 180 వోల్టుల దగ్గరా పూర్తిగా వెలుగుతుంది, మోటారులాగే వోల్టేజీ తగ్గితే కరెంటు పెంచుకుంటుంది. పాత బల్బు ఎర్రబడితే రైతు పరుగున వెళ్లి మోటారు ఆపేవాడు. ఆ గుర్తు ఇప్పుడు లేదు. అందుకే నా దగ్గర బిగించే ప్రతి స్టార్టర్ పెట్టెలో వోల్టు మీటరు, ఆంపియర్ మీటరు రెండూ పెట్టించుకోమంటాను, ఒక్కటే చాలదని పట్టుబట్టి మరీ.