మొదటి పేజీ కెక్కు వ్యాసము: వికీపీడియా ఎన్నిక పద్ధతియు, రాష్ట్రేతరాంధ్రుల స్థానమును

హోసూరులో జరిగిన మా సంఘ సమావేశమున ఒక వృద్ధులు లేచి ఇట్లడిగిరి: "తెలుగు వికీపీడియా మొదటి పేజీలో వారమునకొక వ్యాసము వేయుచున్నారు గదా. అందులో మన తాలూకా సంగతి రావలెనన్న ఎవరికి వ్రాసికొనవలెను? ఆ ఎన్నుకొనువారెవరు?" సభలో కొందరు నవ్విరి. ప్రశ్న నవ్వదగినది కాదు. ఎన్నుకొను అధికారి ఒకడుండుననియు, ఆయనకు అర్జీ పెట్టుకొనవచ్చుననియు వారి తలంపు. అట్టి అధికారి లేడు. ఐనను ఎన్నిక జరుగుచునే యున్నది. జీతము లేని స్వచ్ఛంద రచయితలు ఒకరి మొగమొకరు చూడకయే ఈ ఎన్నికను ఎట్లు నిర్వహించుచున్నారో, అందు రాష్ట్రేతరాంధ్రుల చరిత్రకు చోటు దొరకుట ఏల అరుదో విచారించుటకే ఈ వ్యాసము.

అచ్చులో వెలువడిన విజ్ఞాన సర్వస్వములకు ఈ చిక్కు లేదు. కొమర్రాజు లక్ష్మణరావుగారు నాగపురమున చదివినవారు, మరాఠీలో కూడ రచనలు చేసినవారు. వారు ఆంధ్ర విజ్ఞాన సర్వస్వమును అకారాది క్రమమున తలపెట్టిరి. అక్షరక్రమము సంపాదకునకు పెట్టని కోట. ఈ విషయమును ముందు వేసితి రేల, దానిని వెనుకకు నెట్టితి రేల యని ఆయనను నిలదీయు వారుండరు. కాని ఆ క్రమమే నిర్దయ కూడ. మూడు సంపుటములు వెలువడుసరికి అకారమే సాగుచుండెను. 1923లో లక్ష్మణరావుగారు దివంగతులైరి. తరువాత 1947లో మోటూరి సత్యనారాయణగారి పూనికతో మదరాసున ఏర్పడిన తెలుగు భాషా సమితి అక్షరక్రమమును విడిచి, విషయముల వారీగా సంపుటములు వెలువరించినది. ఒకవేళ పని నడుమ ఆగినను చేతికి వచ్చిన సంపుటము తనంతట తాను సంపూర్ణముగా నుండుట ఈ పద్ధతిలోని మేలు. ఆ సంపుటములు రూపొందిన మదరాసు నేడు మన లెక్కలో రాష్ట్రేతరమే యన్న మాట ఈ సంచిక పాఠకులకు వేరుగ చెప్పనక్కరలేదు.

వెబ్‌సైటు సంగతి వేరు. దానికి సంపుటము లేదు, చివరి పుట లేదు. ఉన్నది వాకిలి యొక్కటే. వచ్చినవారు మొదట చూచునది ఆ వాకిలిలో పెట్టిన వస్తువును. కనుక అక్షరక్రమము వెనుక దాగుట సాధ్యము కాదు. ఏదో ఒకటి ఎన్నుకొని తీరవలెను.

ఆంగ్ల వికీపీడియా 2001 జనవరి 15న పుట్టినది. తొలినాళ్ళలో మంచి వ్యాసముల పట్టిక ఒకటి ఉండెడిది. దాని పేరు "బ్రిలియంట్ ప్రోజ్", అనగా ప్రకాశవంతమైన వచనము. నచ్చిన వ్యాసమును ఎవరైనను అందు చేర్చవచ్చును. ఆ పేరే నాటి దృష్టిని తెలుపుచున్నది. వాక్యము బాగుండుట వారికి ముఖ్యము. చెప్పిన మాటకు ఆధారమేది యన్న ప్రశ్న ఇంకను బలపడలేదు. 2004 ఆరంభమున ఆ పేరు మారి "ఫీచర్డ్ ఆర్టికల్" అయినది. మనము విశేష వ్యాసమందుము. అదే సంవత్సరము ఫిబ్రవరి 22 నుండి దినమున కొక విశేష వ్యాసమును మొదటి పేజీలో ప్రదర్శించుట మొదలుపెట్టిరి. ఆగస్టులో ఈ పని చూచుటకు ఒక వాడుకరిని నిర్దేశకునిగా సముదాయము అంగీకరించినది. పిమ్మట చాల ఏండ్లకు ఆ ఒక్కని స్థానమున సమన్వయకర్తలు ఏర్పడిరి.

ఆ పద్ధతి కొంత వివరింపదగినది. వ్యాసము వ్రాసినవారు దానిని పరిశీలనకు పెట్టుదురు. తక్కినవారు చదివి తప్పు లెన్నుదురు. ఇచట చేతులెత్తించి లెక్కించు ఓటు లేదు. పదిమంది "బాగున్నది" అన్నను, ఒక్కడు "ఫలానా పేరాలోని తేదీకి ఆధారము లేదు" అన్నచో ఆ ఒక్కని మాటయే నిలుచును. ఐతే ఆక్షేపణ సవరింపదగినదై యుండవలెను. "నాకీ విషయము నచ్చలేదు" అనుట ఆక్షేపణ కాదు. మా సంఘ కార్యవర్గముల యెన్నికలను ఎరిగిన నాకు ఈ నియమము చదివినప్పుడు కొంత అసూయ కలిగినదని ఒప్పుకొనవలెను. వ్యాసము చక్కగా వ్రాయబడినదై, సమగ్రమై, పక్షపాతము లేనిదై, నిలకడ గలదై, ప్రతి ముఖ్యాంశమునకు ఆధారము గలదై యుండవలెను. ఇవి నెగ్గినచో పేజీ మూలన చిన్న కంచు నక్షత్రము వెలయును. నక్షత్రము శాశ్వతము కాదు. 2004లో నెగ్గిన వ్యాసములు పెక్కు, ఆధారముల నియమము గట్టిపడిన తరువాత పునఃపరిశీలనలో దానిని కోల్పోయినవి. డెబ్బది లక్షలు దాటిన ఆంగ్ల వ్యాసములలో నేడు నక్షత్రము గలవి ఏడు వేల లోపే. అనగా సుమారు వేయింటి కొకటి.

నక్షత్రము వచ్చుట ఒకటి, మొదటి పేజీ కెక్కుట మరియొకటి. ఒకే తీరు విషయములు వరుసగా రాకుండ చూతురు. విషయమునకు తగిన తేదీ యున్న దానికే మొగ్గుదురు. భారతదేశమును గూర్చిన వ్యాసము 2004 డిసెంబరు 3న ఒకమారు కనబడి, మరల 2019 అక్టోబరు 2న, గాంధీజీ నూటయేబదవ జయంతి నాడు కనబడినది. 2008 నవంబరు 4న అమెరికా అధ్యక్షుని ఎన్నిక నాడు ఒకరి పేరు పెట్టినచో పక్షపాతమగును గనుక ఒబామా, మెకెయిన్ వ్యాసములను రెండింటిని కలిపి పెట్టిరి. ఎన్నుకొనువారి చిక్కు దీనికంటె స్పష్టముగా తెలియజేయు ఉదాహరణము నాకు కనబడలేదు.

కర్ణాటకమున నున్న మన పాఠకులకు ఆసక్తి గొలుపు సంగతి యొకటి కలదు. 2006, 2007 సంవత్సరముల ప్రాంతమున హొయసల సామ్రాజ్యము, విజయనగర సామ్రాజ్యము మొదలైన వ్యాసములు ఆంగ్లములో ఆ నక్షత్రమును పొందినవి. ప్రభుత్వ శాఖ ఏదియు దీనికి పూనుకొనలేదు. కర్ణాటక చరిత్రపై మక్కువగల కొలదిమంది రచయితలు గ్రంథములు ముందు పెట్టుకొని, ఆక్షేపణలకు ఓపికతో సమాధానములు చెప్పుకొని సాధించిన ఫలమది. విజయనగరమునకు లభించిన గౌరవమున మన భాషకును పాలు కలదు. ఆ ఆస్థానమున తెలుగు కవిత్వ మెట్లు వర్ధిల్లినదో లోకమెరుగును. కాని ఆ వ్యాసమును మోసినవారు కన్నడ దేశపు చరిత్రగా తలచి మోసిరి. తప్పేమి లేదు. మోసినవాని భుజమే దారిని నిర్ణయించును.

ఇక తెలుగు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరు 10న వెన్న నాగార్జునగారి చొరవతో ఆరంభమైనది. వారు అప్పుడు అమెరికాలో నుండిరి. తెలుగు లిపిని కంప్యూటరులో వ్రాయుటయే కష్టమైన ఆ దినములలో లిప్యంతరీకరణకు "పద్మ" యను ఉపకరణమును నిర్మించినవారును వారే. మొదట పని మందముగ సాగి, తరువాత క్రమముగా రచయితలు చేరిరి. చర్చలు జరుగు చోటికి "రచ్చబండ" యనియు, చిన్న వ్యాసమునకు "మొలక" యనియు వారు పెట్టుకొన్న పేర్లు చూచినచో ఇది అనువాదపు సంస్థ కాదని తోచును. పదేండ్ల పండుగ సందర్భమున తమ పురస్కారమునకు కొమర్రాజు లక్ష్మణరావుగారి పేరు పెట్టుకొనుటయు ఉచితముగ నున్నది. నేడు వ్యాసముల సంఖ్య లక్ష దాటినది.

"ఈ వారపు వ్యాసం" అను శీర్షిక 2007లో వెలసినది. దినమున కొకటి గాక వారమున కొకటి యేల? లెక్క తేలికయే. దినమున కొకటి యన్న ఏడాదికి 365 కావలెను, వారమున కొకటి యన్న 52 చాలును. వచ్చు కొలది చేతులతో యాబది రెండు వ్యాసములను తీర్చిదిద్దుటయే గగనము. మంచిదని తోచిన వ్యాసపు చర్చాపేజీలో ఎవరైనను పరిగణనకు సూచన ఉంచవచ్చును. తరువాత ఒకరు పూనుకొని వ్యాసపు తొలి పేరాలను కుదించి, తగిన బొమ్మ నేర్చి, వారపు సంఖ్య చూచి అమర్చుదురు. ఆంగ్లమునందువలె దీర్ఘవాదములు ఇచట అరుదు. ఆక్షేపించువారు లేకుండుటయే అంగీకారముగ చెల్లును. దీనిని లోపమని కొందరందురు. చదివి తప్పులు పట్టుటకు చాలినంత మంది లేని చోట ఓట్లపెట్టె పెట్టి ప్రయోజనమేమి? నా దృష్టిలో ఇచటి నిజమైన ఎన్నిక ఆ వారమున జరుగునది కాదు. ఎవరు ఏ విషయము వ్రాయదలచిరో ఆనాడే సగము ఎన్నిక ముగిసినది.

ఈ మాటకు నిదర్శనము గ్రామముల వ్యాసములు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల గ్రామములకు ఒక్కొక్క దానికి ఒక్కొక్క పేజీ ఉండవలెనని స్వచ్ఛంద రచయితలు సంకల్పించి, మండలముల వారీగా పట్టికలు వేసి, జనగణన లెక్కలను చేర్చి వేలకొలది పేజీలు సిద్ధపరచిరి. మహత్కార్యమది. ఐతే పట్టిక రాష్ట్రపు గీటు వద్ద ఆగినది. గీటున కావల, బాగేపల్లి తాలూకాలో, హోసూరు చుట్టుపట్ల, గంజాము మండలములో నింట తెలుగాడు పల్లెలు ఆ పట్టికలోనికి రాలేదు. వానిని ఎవరును తిరస్కరింపలేదు. వానిపేర పట్టిక వేసినవారు లేరు, అంతే. వ్యాసమే లేని ఊరు ఈ వారపు వ్యాస మగుట యెట్లు?

గిడుగు రామమూర్తిగారి విషయ మట్టిదే. వారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై, సవర భాషను సాధించి, దశాబ్దములు అచట గడపిన వారు. 1936లో ఆ పట్టణము ఒరిస్సాలో చేరగా మనస్తాపముతో రాజమహేంద్రవరమునకు తరలిరి. ఆగస్టు 29న వారి జయంతి నాడు వారిని తలచుకొనని తెలుగు పత్రిక లేదు. మనిషి తరలి వచ్చెను గనుక మనకు జ్ఞాపకముండెను. తరలి రాని పర్లాకిమిడి తెలుగువారి సంగతి వ్రాయువాడు కావలెను.

వ్రాయవలెనని కూర్చున్నవానికి ఎదురగు రెండవ అడ్డంకి ఆధారము. వికీపీడియాలో సొంత పరిశోధన చెల్లదు. ప్రచురితమైన గ్రంథము చూపవలెను. మన యిండ్లలోని వంశవృక్షములు, తాతలు చెప్పిన వలస కథలు, కులపెద్దల దప్తరములు ఈ కొలతకు నిలువవు. కఠినమైన నియమమే గాని, లేనిచో ప్రతి వంశమును శ్రీకృష్ణదేవరాయల ఆస్థానము నుండియే బయలుదేరును. ప్రచురితములైనవి యేవి? 1909 నాటి థర్‌స్టన్ ఏడు సంపుటములు, జిల్లా గెజిటీర్లు, జనగణన నివేదికలు. ఇవి పాలకులు తమ యవసరమునకు వ్రాయించుకొన్నవి. మనలను బయటినుండి చూచినవి.

ఇచట ఒక విచిత్రము చెప్పక తప్పదు. గ్రియర్సన్ సాగించిన భాషా పరిశీలనము మదరాసు రాజధానిని, హైదరాబాదు, మైసూరు సంస్థానములను విడిచిపెట్టినది. అందుచేత 1906లో వెలువడిన ద్రావిడ భాషల సంపుటములో తెలుగునకు మాండలికములుగా నమోదైనవి కామాఠీ, వడరి, సాలెవారి, గోలరి మొదలైనవి. అనగా బొంబాయి, మధ్యరాష్ట్రముల వైపు వలసపోయిన తెలుగువారి పలుకులే. గోదావరి తీరపు తెలుగు ఆ పరిశీలనకు అందలేదు, కామాఠీ కూలివాని తెలుగు అందినది. ముంబయిలోని కామాఠీపుర మా కూలివారి పేరనే వెలసినది. నేడా పేట పేరు చెప్పగనే వేరొక సంగతి జ్ఞప్తికి వచ్చును గాని, నగరమును కట్టిన చేతులు జ్ఞప్తికి రావు. గట్టి యాధారము గల ఇట్టి విషయము మొదటి పేజీకి సర్వవిధముల తగినది.

యానాము స్థితి మెరుగు. 1954 వరకు ఫ్రెంచివారి యేలుబడిలో నుండుటచే దానికి ప్రత్యేక చరిత్ర, ప్రత్యేక దస్తావేజులు కలవు. తెలుగు పాఠకునికి కుతూహలమును కలదు. షోలాపురపు పద్మశాలీల చరిత్ర దానికంటె విస్తృతమైనను అట్టి సౌకర్యము దానికి లేదు. మగ్గముల లెక్కలు దొరకును గాని, మగ్గము ముందు కూర్చున్నవాని మాట దొరకదు.

మనవంటి సంఘముల సంచికలు ఆధారములుగా చెల్లునా యని కొందరు నన్నడిగిరి. రచయిత పేరు, ప్రచురణ సంవత్సరము, పుట సంఖ్య స్పష్టముగా నుండి, ప్రతి ఏదైన గ్రంథాలయమున లభ్యమైనచో చెల్లుటకు అవకాశము కలదు. కేవలము సన్మాన వాక్యములు, చందాదారుల పట్టికలు నిండిన సంచిక చెల్లదు. వెనుకటి సంచికలను తిరుగవేసి చూచినచో మనవానిలో రెండవ రకమే ఎక్కువ యని చెప్పుటకు సిగ్గుపడుచున్నాను.

ప్రశ్న వేసిన వృద్ధులతో ఇదంతయు చెప్పితిని. వారు కొంతసేపు మాటాడలేదు. తరువాత తమ తండ్రిగారి కాలపు భూమి దస్తరము ఒకటి కలదనియు, అందు ఊరి పేరు తెలుగునను తమిళమునను రెండు తీరుల వ్రాసియున్నదనియు చెప్పిరి. అది ఇప్పటికిప్పుడు వ్యాసమునకు పనికిరాదని, ముందు ఎవరైనను పరిశీలించి ప్రకటింపవలెనని మనవి చేసితిని. మరునాడు ఉదయమే ఒక గుడ్డ సంచిలో దానిని తెచ్చి సంఘము బల్లపై పెట్టి, రసీదు అడిగి తీసికొని వెళ్ళిరి.