రేపటికి కొంచెం మిగల్చండి: ఫ్రెంచి వేడి చాక్లెట్ చరిత్ర



పోయిన ఆదివారం తెలుగు తరగతి ముగిసినాక పిల్లలకు మేము వేడి చాక్లెట్ కాచి ఇచ్చినాం. ఆ ఫొటో గ్రూపులో పెడితే ఒక పెద్దాయన అడిగినారు: "ఉగాది పచ్చడి ఇస్తే సరే. ఫ్రెంచివాళ్ళ చాక్లెట్‌కూ మన సంఘానికీ ఏం సంబంధం?" న్యాయమైన ప్రశ్నే. నాలుగు మాటల్లో జవాబు చెప్పేది మాకు చేతకాలేదు. అందుకే ఇంత పొడుగు వ్యాసం. మేము బడిలో చదివింది తమిళ మీడియం. తెలుగు అక్షరాలు ఉద్యోగంలో చేరినాక కూడబలుక్కుని నేర్చుకున్నవే. తప్పులుంటే దిద్దండి, కోప్పడకండి.

మాకు దీని రుచి తెలిసింది విల్లుపురం జంక్షన్ పార్సిల్ ఆఫీసులో గుమాస్తాగా ఉన్న రోజుల్లో. విల్లుపురం నుంచి పాండిచ్చేరికి 1879లోనే రైలు పడింది. ఆ బండిలోనే రోజూ వచ్చే సీనియర్ ఒకాయన ఉండేవారు. ఆయన నాయన ఫ్రెంచి సైన్యంలో పనిచేసి పెన్షన్ తీసుకున్నవారు. అటువంటి ఇళ్ళను పాండిచ్చేరిలో 'సొల్దా' ఇళ్ళు అంటారు. ఒక క్రిస్మస్‌కు పిలిస్తే పోయినాం. ఆయన తల్లి చిన్న పింగాణీ కప్పులో నల్లగా, సజ్జ గంజి మాదిరి చిక్కగా ఏదో పోసి ఇచ్చింది. మేము హార్లిక్స్, బోర్న్‌విటా వంటిదేమో అనుకుని గటగటా తాగబోయినాం. ఆమె నవ్వి, "మెల్లగా. ఇది పొడితో కాచింది కాదు, బిళ్ళతో కాచింది" అనింది. పొడికీ బిళ్ళకూ భేదం ఏమిటని అప్పుడు అడగలేదు. రిటైర్ అయినాకే చదివి తెలుసుకున్నాం. చదివే కొద్దీ అది చాక్లెట్ కథ మాత్రమే కాదని, ఊరు విడిచి వచ్చినవాళ్ళ కథ అని తెలిసింది. మన మాదిరి వాళ్ళ కథ.

కోకో గింజ పుట్టిల్లు అమెరికా ఖండం. మెక్సికోలో అక్కడి జనం గింజల్ని వేయించి, రాతి మీద నూరి, నీళ్ళలో కలిపి, నురుగు తెప్పించి తాగేవారు. ఆ దేశాన్ని జయించిన స్పెయిన్‌వాళ్ళు దానికి చక్కెర కలిపి తమ దేశానికి తెచ్చుకున్నారు. చాలా కాలం అది స్పెయిన్, పోర్చుగల్ వాళ్ళ పానీయమే.

అదే స్పెయిన్ 1492లో యూదులను దేశం నుంచి వెళ్ళగొట్టింది. చాలామంది పక్కనున్న పోర్చుగల్‌కు పోయినారు. అక్కడ 1497లో బలవంతంగా మతం మార్పించినారు. 1536 నుంచి అక్కడా మత విచారణ కోర్టులు మొదలైనాయి. తప్పించుకున్నవాళ్ళలో కొందరు సరిహద్దు దాటి ఫ్రాన్సులోని బయోన్ ఊరు చేరినారు. 1550లో ఫ్రెంచి రాజు రెండవ హెన్రీ 'పోర్చుగీసు వ్యాపారులు' అనే పేరుతో వాళ్ళకు ఉండే అనుమతి ఇచ్చినాడు. ఊరు మాత్రం పూర్తిగా లోపలికి రానివ్వలేదు. అదూర్ నదికి అవతల సాంతెస్ప్రి అనే పేటలో ఉండాలి. పగలు బయోన్‌లో పని చేసుకోవచ్చు, పొద్దు గూకితే నది దాటి వెనక్కి పోవాలి.

వాళ్ళ చేతిలోని విద్యల్లో ఒకటి చాక్లెట్ నూరడం. రాయి మోసుకుని ఇంటింటికీ పోయి, మోకాళ్ళ మీద కూర్చుని, కింద సెగ పెట్టి గింజలు నూరి ఇచ్చేవారు. మన వీధుల్లో రోలుకు, సన్నికల్లుకు కాట్లు పెట్టేవాళ్ళు కేకలేస్తా వచ్చేది చిన్నప్పుడు చూసినవాళ్ళకు ఆ దృశ్యం కళ్ళకు కడుతుంది. ఫ్రాన్సులో చాక్లెట్ తయారీ మొదట వేళ్ళూనిన ఊళ్ళలో బయోన్ ఒకటి. ఆ విద్యను తెచ్చినది నది అవతల పేటవాళ్ళు.

ఊరివాళ్ళు విద్య నేర్చుకున్నారు. నేర్చుకున్నాక ఏం చేసినారు? 1761లో చాక్లెట్ పనివారి సంఘం ఒకటి పెట్టి, నేర్పినవాళ్ళకే అందులో చోటు లేదన్నారు. ఊళ్ళో చాక్లెట్ చేయకూడదన్నారు. పేటవాళ్ళు ఊరుకోలేదు, బోర్డో నగరంలోని పెద్ద కోర్టుకు పోయినారు. 1767లో ఆ కోర్టు సంఘం కట్టుబాటును కొట్టివేసింది. ఈ భాగం చదివినప్పుడు మేము పుస్తకం మూసి కాసేపు ఊరికే కూర్చున్నాం. మనదీ సంఘమే కదా. సంఘం అనేది మనుషుల్ని చేర్చుకునేదానికా, బయట నిలబెట్టేదానికా అని ఎవరికి వాళ్ళం అడుగుకోవాల్సిన మాట.

ఇంకొక దారి రాజుల దారి. 1615లో స్పెయిన్ రాజకుమారి ఆన్, ఫ్రెంచి రాజు పదమూడవ లూయీని పెళ్ళాడి, పుట్టింటి చాక్లెట్ అలవాటును అత్తింటికి తెచ్చిందని చెప్పుకుంటారు. 1659లో డేవిడ్ షాయూ అనే ఆయనకు దేశమంతటా చాక్లెట్ అమ్మే హక్కు రాజు రాసి ఇచ్చినాడు. అప్పటికది డబ్బున్నవాళ్ళ పానీయం. దానికని ప్రత్యేకంగా మూత మధ్యలో చిల్లి ఉన్న వెండి, పింగాణీ కూజాలు చేయించుకునేవారు. ఆ చిల్లిలోంచి కొయ్య కవ్వం దించి, రెండు అరచేతుల మధ్య తిప్పి నురుగు తెప్పించేది. అచ్చం మన మజ్జిగ కవ్వమే.

1755లో మెనోన్ అనే ఫ్రెంచి వంటగాడు 'లె సూపే ద లా కూర్' అనే వంట పుస్తకం అచ్చు వేసినాడు. పేరు చూసి కేరళ మేనోన్ అనుకోకండి. అందులో చాక్లెట్ కాచే పద్ధతి ఉంది. ఎన్ని బిళ్ళలో అన్ని కప్పుల నీళ్ళు. సన్న సెగ మీద కాచాలి. నాలుగు కప్పులకు ఒక గుడ్డు పచ్చసొన కలపాలి, కలిపినాక మరగనీయకూడదు. ముందురోజు రాత్రే కాచి పెట్టుకుంటే ఇంకా బాగుంటుంది. ఆఖరున ఒక మాట చెప్పినాడు: రోజూ తాగేవాళ్ళు ఇవాళ్టి దాంట్లో కొంచెం మిగిల్చి రేపటి గిన్నెలో కలుపుకోవాలి. అంటే పాలకు తోడు వేసినట్టు! మా అవ్వ ప్రతి రాత్రీ గిన్నె అడుగున రెండు గరిటెల పెరుగు దాచేది. "తోడు లేని ఇల్లు అప్పుకు పోవాల" అనేది. ఈ మాట దగ్గరికి మళ్ళీ వస్తాం.

ఇప్పుడు పొడికీ బిళ్ళకూ భేదం. కోకో గింజలో సుమారు సగం కొవ్వే. 1828లో హాలండ్ దేశంలో వాన్ హూటెన్ కుటుంబం గింజ ముద్దను యంత్రంలో ఒత్తి ఆ కొవ్వు తీసివేసే పద్ధతికి పేటెంట్ పొందింది. మిగిలిన పిండే కోకో పొడి. చవక, తేలిక, పాలలో తొందరగా కలుస్తుంది. చాలా దేశాలు పొడివైపు పోయినాయి. ఫ్రాన్సులో మాత్రం బిళ్ళను కరిగించి తాగే పాత అలవాటు నిలిచింది. 1836లో మెనియే కంపెనీ కాగితంలో చుట్టిన అచ్చు బిళ్ళలు అమ్మడంతో అది మామూలు ఇళ్ళకూ చేరింది. బయోన్‌లో 1854లో పెట్టిన కజెనావ్ దుకాణం నురుగు చాక్లెట్‌కు నేటికీ పేరున్నది. పారిస్‌లో 1903లో పెట్టిన ఆంజెలీనా చిక్కటి చాక్లెట్‌కు పేరుపొందింది. దాన్ని పెట్టిన రుంపెల్‌మాయర్ కూడా వేరే దేశం నుంచి, ఆస్ట్రియా నుంచి వచ్చినవాడే.

కప్పులోని చక్కెరకూ ఒక కథ ఉంది, అది మన కథ. ఫ్రెంచివాళ్ళ చక్కెర, కోకో కరిబియన్ దీవుల్లో ఆఫ్రికా బానిసల చెమటతో పండినవి. హిందూ మహాసముద్రంలో వాళ్ళదే రీయూనియన్ దీవి, అప్పటి పేరు బూర్బోన్. వాన్ హూటెన్ పేటెంట్ వచ్చిన ఆ 1828లోనే మన యానాం నుంచి పదిహేను మంది తెలుగు కూలీలు ఓడెక్కి ఆ దీవిలో దిగినారు. 1848లో బానిసత్వం రద్దు అయినాక పాండిచ్చేరి, కారైకాల్, యానాం రేవుల నుంచి వేలమంది చెరకు తోటలకు పోయినారు. తెలుగువాడైనా తమిళుడైనా అక్కడ అందరికీ 'మల్బార్' అని ఒకే పేరు పెట్టినారు. కాలం గడిచే కొద్దీ ఇంట్లో మాట పోయింది. గుళ్ళు, పండగలు, కూరల రుచులు నిలిచినాయి. ఈ గ్రూపులోని యానాం బంధువులు ఈ సంగతి మాకంటే బాగా చెప్పగలరు, చెప్పమని వేడుకుంటున్నాం.

సరే, ఇంట్లో కాచే విధానం. నాలుగు చిన్న కప్పులకు అర లీటరు మీగడ పాలు, 120 గ్రాముల నల్ల చాక్లెట్, రెండు చెంచాల చక్కెర, చిటికెడు ఉప్పు. చాక్లెట్ 70 శాతం కోకో ఉన్నదైతే మేలు. అట్ట వెనక తప్పకుండా చదవండి. కోకో బటర్ అని ఉండాలి. 'కాంపౌండ్' అని ఉంటే అందులో వేరే నూనె ఉంటుంది. మేము మొదటిసారి అదే తెచ్చి కాస్తే పైన నూనె తెట్టు కట్టి, మా ఇంటావిడ ఆ గిన్నె రెండుసార్లు తోమాల్సి వచ్చింది.

చాక్లెట్‌ను కత్తితో సన్నగా తరగండి. పాలు అంచుల్లో చిన్న బుడగలు వచ్చేదాకా కాచి దించండి. తరుగు మీద ముందు ఒక గరిటె పాలు మాత్రమే పోసి, దోసెపిండి మాదిరి నున్నగా అయ్యేదాకా కలపండి. తరువాత మిగిలిన పాలు కొంచెం కొంచెంగా పోయండి. చక్కెర, ఉప్పు వేసి మళ్ళీ సన్న సెగ మీద పెట్టి ఐదు నిమిషాలు కవ్వంతో చిలుకుతూనే ఉండాలి. చెయ్యి ఆపితే అడుగంటుతుంది. కోకో తడిని పీల్చుకుని ఉబ్బుతుంది, కొవ్వు పాలలో కలిసిపోతుంది. చిక్కదనం అట్లా వస్తుంది, మొక్కజొన్న పిండి అక్కర్లేదు. గుడ్డు మేము వేయం. రాత్రి కాచి ఫ్రిజ్‌లో పెట్టి మరునాడు మెల్లగా వేడి చేస్తే ఇంకా చిక్కబడుతుంది. మెనోన్ మాట నిజమే. కాఫీ టంబ్లరు నిండా పోయకండి, సగం చాలు.

ఇంకొక సంగతి. మన దేశంలో కోకో ఎక్కువగా పండేది ఆంధ్రలోనే. ఏలూరు, పశ్చిమ గోదావరి వైపు కొబ్బరి తోటల నీడన ఆ చెట్లు పెంచుతున్నారు. మెక్సికో గింజ కూడా వలస వచ్చి మన నేలలో ఇల్లు కట్టుకున్నది.

ఇప్పుడు పెద్దాయన ప్రశ్నకు జవాబు. ఆదివారం తెలుగు తరగతికి వచ్చేది నలుగురు పిల్లలు. ఇంత తక్కువమందికి అద్దె ఎందుకు, మూసేద్దామని కిందటి మీటింగులో మాట వచ్చింది. అది తప్పని మేము అనలేకపోయినాం, ఎందుకంటే మా సొంత మనవరాలే రావడం లేదు. అందుకే గిన్నె పట్టుకుని పోయినాం. పోయిన వారం తొమ్మిదిమంది వచ్చినారు, మనవరాలు కూడా. చాక్లెట్ కోసం వచ్చినారని తెలుసు, మాకేం బాధ లేదు. తాగే ముందు ఆ మాట తెలుగులో రాయాలని షరతు పెట్టినాం. అందరూ తమిళంలో పలికినట్టు 'చాకిలేట్' అని రాసినారు. క కింద ల వత్తు ఎట్లా పెట్టాలో బోర్డు మీద రాసి చూపించినాం. ఆ వత్తు మేము నేర్చుకున్నది ముప్పై ఏళ్ళు దాటినాక. వాళ్ళకు ఎనిమిదేళ్ళకే వచ్చింది.

నలుగురంటే గిన్నె అడుగున మిగిలిన తోడు. దాన్ని కడిగి పారబోస్తే రేపు ఎవరి ఇంటికి అప్పుకు పోతాం?

వచ్చే ఆదివారం కూడా కాస్తున్నాం. పాలు మేము తెస్తాం. చాక్లెట్ బిళ్ళలు ఎవరైనా తెస్తామంటే కింద రాయండి. అట్ట వెనక చదివి కొనండి. ప్రశ్న అడిగిన పెద్దాయన కూడా తప్పక రావాలి, ఒక సగం టంబ్లరు ఆయన కోసం తీసి పెడతాం.