రజాకార్లకూ రైతులకూ ఒకటే ట్రిబ్యునల్

హైదరాబాద్‌లో నాంపల్లి స్టేషన్‌కు దగ్గర్లోని దారుస్సలాం 1948లో, నిజాం గద్దెను కాపాడతామన్న రజాకార్ల దళానికి కేంద్రం. వాళ్ల నాయకుడు కాశిం రజ్వీ లాతూరులో వకీలుగా పనిచేసినవాడు. ఇటు ఆబిడ్స్ దాటితే నిజాం ఉండే కింగ్‌కోఠీ. 1947 డిసెంబర్ 4న నారాయణరావు పవార్ నిజాం కారు మీద బాంబు విసిరింది అక్కడే. గద్దె, దాన్ని నిలబెడతామంటూ ఊళ్ల మీద పడ్డ దళం, రెంటినీ ఎదిరించిన యువకులు, అందరూ గంట నడక దూరంలోనే ఉండేవారు.

ఆబిడ్స్‌లోని జమ్రుద్ మహల్ థియేటర్ సభలో రజ్వీ, తమకు అడ్డొచ్చే చేతుల్ని నరికేస్తామని హెచ్చరించాడు. కొద్ది రోజులకే, 1948 ఆగస్టు 21 రాత్రి, 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లా ఖాన్ ఇంటికి వెళ్తుంటే కాచిగూడ దగ్గర కాల్చారు. చెయ్యి నరికారు. హైదరాబాద్ భారత్‌లో కలవాలని రాయడమే ఆయన చేసిన నేరం.

తన చేత్తో చంపని నాయకుణ్ణి కింది వాళ్లు చేసిన హత్యకు ఎలా బాధ్యుణ్ణి చెయ్యాలి? ఆ రోజుల్లోనే టోక్యోలో జపాన్ సేనానుల మీద నడుస్తున్న విచారణలో ప్రాసిక్యూటర్లను వేధించిన ప్రశ్న ఇదే. అక్కడ తీర్పు 1948 నవంబర్‌లో వచ్చింది. హైదరాబాద్‌కు అంతర్జాతీయ న్యాయస్థానమేదీ రాలేదు. సెప్టెంబర్ 17న నిజాం భారత సైన్యానికి లొంగిపోయాక, మిలిటరీ గవర్నర్ జె.ఎన్. చౌధురి హయాంలో ప్రత్యేక ట్రిబ్యునళ్లు వెలిశాయి. వాటికి ఆధారం, నిజాం రాజ్యపు ఫసలీ లెక్కలో 1358 నాటి ఐదో నంబరు రెగ్యులేషన్. మామూలు సెషన్స్ కేసులో ముందుగా జరిగే కమిటల్ విచారణ వీటిలో లేదు. సాక్ష్యం మొత్తం రాసుకోనక్కర్లేదు, సారాంశం చాలు.

రజ్వీ విషయంలో చివరిదాకా నిలిచిన శిక్ష హత్య కేసులోది కాదు. 1948 జనవరిలో బీబీనగర్ మీద పడి దోచుకున్న కేసులో ఏడేళ్ల జైలు. రాజ్యాంగం వచ్చాక కూడా ఆ కుదించిన పద్ధతిలోనే విచారణ సాగడం సమానత్వ హక్కుకు విరుద్ధమని అతను సుప్రీంకోర్టుకు వెళ్లాడు. 1953 జనవరిలో మెజారిటీ న్యాయమూర్తులు శిక్షను ఖాయం చేశారు. జస్టిస్ వివియన్ బోస్ ఒప్పుకోలేదు. ఎంత ద్వేషించదగ్గ ముద్దాయికైనా అందరికీ ఇచ్చే విచారణే ఇవ్వాలన్న పట్టుదల ఆ అసమ్మతి వెనక ఉంది. ఈ కథ మొత్తంలో తలెత్తి చూడాల్సిన ఘట్టం అదే. రజ్వీ 1957లో విడుదలై పాకిస్తాన్ వెళ్లాడు. 1970లో కరాచీలో చనిపోయాడు.

అవే ట్రిబ్యునళ్లు, అదే రెగ్యులేషన్ కింద, రజాకార్లతో పోరాడిన తెలంగాణ రైతులకూ ఉరిశిక్షలు వేశాయి. జనగామ ప్రాంతపు నల్లా నర్సింహులు అలా ఉరికంబం నీడలో గడిపినవాడే. వాళ్ల తరఫున వాదించడానికి ఇంగ్లండ్ నుంచి బారిస్టర్ డి.ఎన్. ప్రిట్ వచ్చాడు. హైకోర్టు ఉరిని ఖాయం చేసింది 1949 డిసెంబర్‌లో కాబట్టి, ఆ తర్వాత అమల్లోకి వచ్చిన రాజ్యాంగం కింద అప్పీలు చెల్లదని సుప్రీంకోర్టు అంది. కొన్ని వారాల తేడాతో ఆ దారి మూసుకుపోయింది. చివరికి ఉరి యావజ్జీవంగా మారింది గనక ప్రాణాలు దక్కాయి.

అసలు ట్రిబ్యునల్ దాకా రాని నేరాలు ఇంకా పెద్దవి. నిజాం సైన్యం లొంగిపోయాక ముస్లింల మీద సాగిన ఊచకోతను తెలుసుకోవడానికి నెహ్రూ ప్రభుత్వం పండిత్ సుందర్‌లాల్ బృందాన్ని పంపింది. వాళ్లు 1948 నవంబర్ 29 నుంచి డిసెంబర్ 21 దాకా సంస్థానమంతా తిరిగారు. సరిగ్గా మధ్యలో, డిసెంబర్ 9న, పారిస్‌లో ఐక్యరాజ్యసమితి జాతి నిర్మూలనను నేరంగా ప్రకటించే ఒప్పందాన్ని ఆమోదించింది. బృందం లెక్క ప్రకారం చనిపోయినవాళ్లు 27 వేల నుంచి 40 వేలు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు అన్నిటికన్నా ఎక్కువ నష్టపోయాయి. రజాకార్ల దుర్మార్గాలనూ ఆ నివేదిక దాచలేదు. ప్రభుత్వం దాన్ని ప్రచురించలేదు. 2013లో గానీ ఢిల్లీలోని నెహ్రూ మెమోరియల్ గ్రంథాలయంలో చదివే వీలు కలగలేదు. రజ్వీ సొంత ఊరు లాతూరులో చంపడం ఇరవై రోజులకు పైగా సాగిందని అందులో ఉంది. ఆ హత్యల మీద బీబీనగర్ కేసు లాంటి విచారణ నడవలేదు.